సేఫ్‌గా తీద్దామని ఆఫ్‌లైన్ చేశా, ఇప్పుడు హార్డ్ డిస్కే కనపడట్లేదు

ఫొటో తమ్ముడు:

అన్నలూ కొంచెం అర్జెంటు. మాది గుంటూరు దగ్గర చిన్న స్టూడియో, పెళ్లి వీడియోలు, ఆల్బమ్‌లు చేస్తాం. విండోస్ 10 డెస్క్‌టాప్. 2 టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒకటుంది, వేరే అడాప్టర్ అక్కర్లేకుండా కేబుల్ ఒక్కటి గుచ్చితే పనిచేసే చిన్న రకం. శ్రావణంలో చేసిన మూడు పెళ్లిళ్లూ అందులోనే ఉన్నాయి.

నెల రోజులుగా దీనితో ఒకటే గొడవ. పని అయ్యాక కింద టాస్క్‌బార్‌లో ఎజెక్ట్ కొడితే "దిస్ డివైజ్ ఈజ్ కరెంట్లీ ఇన్ యూజ్" అంటుంది. అన్నీ మూసేసి, పది నిమిషాలు ఆగి కొట్టినా అదే మాట. రోజూ సిస్టమ్ షట్‌డౌన్ చేసి తీస్తున్నా. నిన్న యూట్యూబ్‌లో ఒకాయన డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి డిస్క్‌ని ఆఫ్‌లైన్ చేస్తే ఎజెక్ట్ అవుతుందన్నాడు. చేశా, ఒక్క మాట అడ్డు చెప్పకుండా ఎజెక్ట్ అయిపోయింది. భలే ఉందే అనుకున్నా.

పొద్దున పెడితే టుడుంగ్ మని సౌండ్ వచ్చింది, లైటు కూడా వెలిగింది, కానీ దిస్ పీసీలో డ్రైవ్ లేదు. పోర్టు మార్చా, కేబుల్ మార్చా, రెండుసార్లు రీస్టార్ట్ చేశా, లాభం లేదు. ఆదివారానికి ఒక పెళ్లి వీడియో ఇవ్వాలి, పెళ్లికూతురి నాన్నగారు రోజుకు రెండుసార్లు ఫోన్ చేస్తున్నారు. టెన్షన్‌తో అన్నం కూడా దిగట్లేదు. పక్క షాపు కుర్రాడేమో ఫార్మాట్ కొడితే వచ్చేస్తుంది అన్నా అంటున్నాడు. కొట్టమంటారా?

స్క్రూడ్రైవర్ బాబాయ్:

ముందు ఆ కుర్రాణ్ణి నీ కుర్చీలోంచి లేపు తమ్ముడూ. ఫార్మాట్ మాట ఎత్తొద్దు. నీ డిస్క్ బాగానే ఉంది, నువ్వు చెప్పింది చెప్పినట్టు అయితే నూటికి తొంభై పాళ్లు ఏమీ కాలేదు. దాన్ని ఆఫ్‌లైన్ చేసింది నువ్వే, మళ్లీ ఆన్‌లైన్ చెయ్యలేదు, అంతే.

ఆ వీడియోలో ఆయన చెప్పకుండా వదిలేసిన ముక్క ఇదన్నమాట. ఆఫ్‌లైన్ అంటే ఆ ఒక్కసారికి కాదు. ఈ డిస్క్‌ని ముట్టుకోవద్దు అని విండోస్ రాసి పెట్టుకుంటుంది, కేబుల్ పీకి మళ్లీ పెట్టినా, రీస్టార్ట్ చేసినా అది చెరగదు. రాసుకునేది కూడా డిస్క్‌లో కాదు, నీ సిస్టమ్‌లో. అందుకే ఇదే డిస్క్‌ని పక్కవాళ్ల ల్యాప్‌టాప్‌కి పెట్టి చూడు, అక్కడ మామూలుగా వచ్చేస్తుంది. ముందు అదొక్కటి చూసుకుంటే నీకు అన్నం దిగుతుంది.

ఇప్పుడు నీ సిస్టమ్ సంగతి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరువు. పైన లిస్టు వదిలెయ్, కింద అడ్డంగా పట్టీలు ఉంటాయి చూడు, డిస్క్ 0, డిస్క్ 1 అని. 2 టీబీది అక్కడ 2000 అని ఉండదు, 1863 జీబీ చిల్లర అని ఉంటుంది, కంగారు పడకు, కంపెనీ లెక్క వేరు, విండోస్ లెక్క వేరు. ఆ డిస్క్ పేరు పక్కన చిన్న ఎర్ర బాణం కిందికి చూస్తూ ఉండి, కింద ఆఫ్‌లైన్ అని ఉంటే నేను చెప్పిందే. ఎడమ చేతి వైపు డిస్క్ 1 అని రాసి ఉన్న బూడిద రంగు గడి మీద రైట్ క్లిక్ కొట్టి ఆన్‌లైన్ అను. కుడివైపు పొడుగు పట్టీ మీద కొడితే వేరే మెనూ వస్తుంది, అందులో ఫార్మాట్, డిలీట్ వాల్యూమ్ లాంటివి ఉంటాయి, ఆ వైపు పోకు.

ఒకవేళ ఆఫ్‌లైన్ అని కాకుండా నాట్ ఇనీషియలైజ్డ్ అని ఉన్నా, తెరవగానే ఇనీషియలైజ్ డిస్క్ అని పెట్టె వచ్చినా క్యాన్సిల్ కొట్టి ఇక్కడికి వచ్చి చెప్పు. అది వేరే కథ.

గోదారి గట్టు:

ఇంత తతంగం దేనికి బాసూ. నేను ఐదేళ్ల నుంచి ఎజెక్ట్ అనే బటన్ ముట్టుకోలేదు, పని అయిపోగానే పీకేస్తా, ఒక్క ఫైల్ పోలేదు. విండోస్ వాళ్లే ఇప్పుడు పీకెయ్యొచ్చు అన్నారు కదా.

స్క్రూడ్రైవర్ బాబాయ్:

అన్నారు, పూర్తిగా చదవాలి మరి. 2018లో వచ్చిన విండోస్ 10 1809 వెర్షన్ నుంచి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లకి క్విక్ రిమూవల్ అనే పద్ధతిని డిఫాల్ట్ చేశారు. అంతకు ముందు బెటర్ పెర్ఫార్మెన్స్ అని ఉండేది, అందులో ఏమవుతుందంటే నువ్వు కాపీ చేసిన ఫైల్ డిస్క్ మీద పడకముందే ర్యామ్‌లో పెట్టుకుని "అయిపోయింది" అని నీకు చెప్పేస్తుంది, తీరిగ్గా తర్వాత రాస్తుంది. ఆ మధ్యలో పీకితే గోవిందా. క్విక్ రిమూవల్‌లో ఆ దాచుకోవడం ఉండదు. కానీ డిస్క్ మీద ఆ క్షణంలో ఏదైనా ప్రోగ్రాం రాస్తూ ఉంటే ఏ పద్ధతైనా ఒకటే. పైగా నీ సిస్టమ్‌లో ఏది ఉందో నీకు తెలుసా? ఎవడో వీడియో ఎడిటింగ్ స్పీడ్ అవుతుందని మార్చి ఉండొచ్చు. డివైజ్ మేనేజర్‌లో డిస్క్ డ్రైవ్స్ కింద నీ డిస్క్ ప్రాపర్టీస్ తెరిచి పాలసీస్ ట్యాబ్ చూడు, అక్కడ ఉంటుంది.

ఇంకో సంగతి. పెన్‌డ్రైవ్ వేరు, తిరిగే హార్డ్ డిస్క్ వేరు. లోపల పళ్లెం తిరుగుతూ ఉంటుంది, కరెంటు ఉన్నట్టుండి పోతే దాని మీద చదివే, రాసే ముల్లు లాంటి హెడ్ హడావుడిగా పక్కకి జరగాలి. ఒకసారికి ఏం కాదు, దానికి తగ్గట్టే చేస్తారు. రోజుకు నాలుగుసార్లు చొప్పున ఐదేళ్లు అంటే నాకైతే నచ్చదు. పీకీ పీకగానే ఇంకా తిరుగుతున్నదాన్ని బ్యాగులో పడేసేవాళ్లని చూస్తే నాకు పళ్లు నూరుకోవాలనిపిస్తుంది. ఎజెక్ట్ కొట్టాక ఓ పది పదిహేను సెకన్లు చెయ్యి ఆనించి ఉంచు, లోపల ఆ సన్న వణుకు ఆగిపోయాక తియ్.

గోదారి గట్టు:

సరే బాబాయ్, చూశా. బెటర్ పెర్ఫార్మెన్స్ అనే ఉంది. ఎవరు పెట్టారో తెలీదు. మార్చా. ఇక మాట్లాడను.

పాత స్టూడియో:

తమ్ముడూ, ఫార్మాట్ విషయంలో నా అనుభవం ఒకటి చెప్తాను, నీకు కాకపోయినా ఇది చదివే ఇంకో ఫొటోగ్రాఫర్‌కైనా పనికొస్తుంది. మూడేళ్ల కింద ఎడిటింగ్ మధ్యలో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ అయిపోయి ఆరు నెలలైనా మార్చలేదు, అది నా తప్పే. కరెంటు వచ్చాక డిస్క్ పెడితే "యూ నీడ్ టు ఫార్మాట్ ద డిస్క్" అని వచ్చింది. నేను ఊళ్లో లేను, మా అసిస్టెంటు అడిగింది కదా అని ఎస్ కొట్టేశాడు.

క్విక్ ఫార్మాట్ కాబట్టి లోపలి డేటా ఉన్నచోటే ఉంది, పోయింది విషయసూచిక లాంటిది. ఆ సంగతి మాకు అప్పుడు తెలియదు. ఖాళీగా ఉంది కదా అని వాడు ఇంకో ఫంక్షన్‌వి కెమెరా మెమరీ కార్డులు రెండు అందులోనే దించాడు. అసలు దెబ్బ అది. రికవరీ చేసే చోటికి తీసుకెళ్తే పద్దెనిమిది వేలు తీసుకున్నారు, ఫొటోలు చాలావరకు వచ్చాయి, కానీ ఒక్కదానికీ పేరు లేదు, ఫోల్డర్ లేదు. పదకొండు వేల ఫొటోలు వరస అంకెలతో. ఒకరి తలంబ్రాలు, ఇంకొకరి బారసాల, మధ్యలో మా అమ్మాయి స్కూల్ డ్యాన్సు. విడదీయడానికి నాకు, మా ఆవిడకి తొమ్మిది రాత్రులు పట్టింది. పెద్ద వీడియో ఫైళ్లు సగానికి సగం తెరుచుకోలేదు, ఒక ఇంటివాళ్లకి అప్పగింతల వీడియో ఇవ్వలేకపోయాం. ఆ ఇంటి ముందు నుంచి ఇప్పటికీ బండి మీద వెళ్లను.

డిస్క్ ఫార్మాట్ అడిగితే నో కొట్టి, ఇంకేం రాయకుండా పక్కన పెట్టడమే. ఫైల్ సిస్టమ్ దగ్గర "రా" (RAW, అంటే లోపలి అమరిక విండోస్‌కి అర్థం కావట్లేదని) చూపిస్తుంటే డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ కూడా పనిచేయదు, నేను ప్రయత్నించాను. ముందు ఎలా ఉన్నది అలాగే వేరే డిస్క్ మీదికి మొత్తం కాపీ తీయించి, ఆ కాపీ మీద ప్రయోగాలు చేసుకోవాలి. టిక్, టిక్, టిక్ అని గడియారంలా చప్పుడు వస్తుంటే మాత్రం అదీ వద్దు, వెంటనే తీసేయాలి, తిరిగేకొద్దీ ఇంకా పాడవుతుంది.

ఫొటో తమ్ముడు:

వచ్చేసింది!!! బాబాయ్ మీకు దండం. అచ్చం మీరు చెప్పినట్టే, డిస్క్ 1, బేసిక్, 1863.01 జీబీ, ఆఫ్‌లైన్, పక్కన ఎర్ర బాణం. దాని మీద మౌస్ పెడితే అడ్మినిస్ట్రేటర్ పెట్టిన పాలసీ వల్ల ఆఫ్‌లైన్‌లో ఉంది అని ఇంగ్లీషులో వచ్చింది. ఆ అడ్మినిస్ట్రేటర్‌ని నేనే అని తెలిసి నవ్వొచ్చింది. ఆన్‌లైన్ కొట్టగానే ఎఫ్ డ్రైవ్ ప్రత్యక్షం. మూడు పెళ్లిళ్లూ ఉన్నాయి. ముందు ఆదివారం ఇవ్వాల్సినదాన్ని సిస్టమ్‌లోకి కాపీ పెట్టా, నడుస్తోంది.

పాత స్టూడియో అన్నా, మీ పోస్టు చదివి పక్క షాపు కుర్రాడికి కూడా చూపించా. ఏం మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

కానీ అసలు జబ్బు అలాగే ఉంది కదా. అన్నీ మూసినా ఇన్ యూజ్ అని ఎందుకు అంటుంది? రోజూ ఆఫ్‌లైన్, ఆన్‌లైన్ ఆడుకోలేను.

స్క్రూడ్రైవర్ బాబాయ్:

ఆడుకోకూడదు కూడా. తలుపు లోపలి నుంచి ఎవరో పట్టుకున్నారంటే వాళ్లెవరో కనుక్కోవాలి గానీ తలుపు ఊడదీయకూడదు. కనుక్కోవడం తేలికే, ఆ పట్టుకున్నవాళ్ల పేరు విండోస్ రాసిపెడుతుంది, మనమే చూడం.

కాపీ అయ్యాక ఎజెక్ట్ కొట్టు. ఇన్ యూజ్ అని రానీ. వెంటనే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ మీద నొక్కి, కుడివైపు ఫిల్టర్ కరెంట్ లాగ్‌లో 225 అనే నంబరు వెయ్యి. కెర్నల్ పీఎన్‌పీ పేరుతో ఒక లైను వస్తుంది, ఫలానా ప్రోగ్రాం, ఫలానా ప్రాసెస్ ఐడీ, డిస్క్ తీయకుండా ఆపింది అని. దాని దారి మొత్తం ఉంటుంది, చివర్లో ఉన్న డాట్ ఈఎక్స్ఈ పేరు చూసుకుంటే చాలు.

అక్కడ దొరక్కపోతే రిసోర్స్ మానిటర్ తెరిచి సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ దగ్గర వెతికే గడిలో నీ డ్రైవ్ అక్షరం, కోలన్ కొట్టు. ఆ డ్రైవ్‌లో ఏ ఫైల్‌ని ఎవరు పట్టుకున్నారో వస్తుంది. మా షాపుకి వచ్చేవాటిలో నాకు ఎక్కువగా దొరికే దొంగలు, యాంటీవైరస్ స్కాన్, సెర్చ్ ఇండెక్సింగ్, బ్యాకప్ పెట్టే ప్రోగ్రాంలు, మూసేశామనుకున్నా వెనకాల బతికే వీడియో ప్లేయర్లు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తాత్కాలిక ఫైళ్లు దాచుకునే క్యాష్ ఫోల్డర్‌ని ఎక్స్‌టర్నల్ మీద పెట్టుకున్నవాళ్లు కూడా ఉంటారు. సీ డ్రైవ్ నిండిపోయిందని అక్కడికి మారుస్తారు, తర్వాత మరిచిపోతారు.

ప్రోగ్రాం పేరు బదులు సిస్టమ్, ప్రాసెస్ ఐడీ 4 అని వస్తే అది విండోసే స్వయంగా పట్టుకుంది. అప్పుడు సిస్టమ్ ప్రొటెక్షన్‌లో ఆ డ్రైవ్‌కి రీస్టోర్ పాయింట్లు (వెనక్కి వెళ్లడానికి విండోస్ దాచుకునే పాత స్థితులు) ఆన్‌లో ఉన్నాయేమో చూసి ఆపెయ్. అప్పటికీ వదలకపోతే షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టు, పూర్తిగా ఆరిపోయాక తియ్. షిఫ్ట్ ఎందుకంటే మామూలు షట్‌డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా ఆరదు, సగం జ్ఞాపకాన్ని దాచుకుని పడుకుంటుంది.

అన్నట్టు డెస్క్‌టాప్ అన్నావు, ఏ పోర్టుకి పెడుతున్నావు? కేబినెట్ ముందు వైపు అయితే వెనకాలకి మార్చు. అడాప్టర్ లేని డిస్క్ తిరగడానికి కావలసిన కరెంటంతా ఆ పోర్టే ఇవ్వాలి. యూఎస్‌బీ 2 అయితే 500 మిల్లీయాంపులు, 3 అయితే 900. ముందు పోర్టులకి బోర్డు నుంచి సన్న వైరు లాగి ఉంటుంది, అది వదులైతే డిస్క్ కాసేపు వచ్చి కాసేపు పోతుంది. నీది వెడల్పుగా రెండు ముక్కలు కలిసినట్టు ఉండే పిన్ను అయితే దాన్ని కూడా కొంచెం కదిపి చూడు, ఆ రకం పిన్ను వాడగా వాడగా లూజవుతుంది.

టెర్మినల్ పిల్ల:

బాబాయ్ గారు చెప్పిన ఫాస్ట్ స్టార్టప్ దగ్గర ఒక మాట. నేను ఆఫీసులో వాడేది ఉబుంటు అనే లినక్స్, ఇంట్లో విండోస్. ఇంట్లో షట్‌డౌన్ చేసి తీసిన డిస్క్‌ని ఆఫీసులో పెడితే చదవడానికి వస్తుంది కానీ రాయనివ్వదు. చాలా రోజులు డిస్క్ పోయిందనుకున్నా. ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లు అమర్చే పద్ధతి) డిస్క్‌ని విండోస్ సరిగ్గా వదలకపోతే దాని మీద గుర్తు ఉండిపోతుంది, అది చూసి లినక్స్ జాగ్రత్త పడుతోంది. మళ్లీ విండోస్‌కే పెట్టి, సరిగ్గా ఎజెక్ట్ చేసి తెస్తే బాగైపోయింది.

లినక్స్‌లో కూడా ఈ గొడవ ఉంది, అక్కడ "టార్గెట్ ఈజ్ బిజీ" అంటుంది. నా విషయంలో పదిసార్లలో తొమ్మిదిసార్లు దొంగని నేనే, ఆ డ్రైవ్ ఫోల్డర్‌లోకి వెళ్లిన టెర్మినల్ కిటికీ ఇంకా తెరిచే ఉంటుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో కూడా అంతే. లినక్స్‌లో ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనే కమాండ్ కొడితే ఎవరు పట్టుకున్నారో చెప్తుంది. డ్రైవ్‌ని విడదీసే యూమౌంట్ కమాండ్‌కి లేజీ ఆప్షన్ పెట్టి పని అయిపోయిందనుకునేవాళ్లకి ఒక్క మాట, అది లిస్టులోంచి పేరు తీసేస్తుంది అంతే, వెనకాల రాయడం ఇంకా నడుస్తూ ఉండొచ్చు.

నా డౌటు ఒకటి. డిస్క్ కేబినెట్ వెనకాల, బల్ల కింద ఉంటుంది నాకు. పొరపాటున ఎజెక్ట్ కొట్టేస్తే కిందకి దూరి కేబుల్ పీకి పెట్టకుండా మళ్లీ తెచ్చుకునే దారి ఉందా?

స్క్రూడ్రైవర్ బాబాయ్:

ఉంది. డివైజ్ మేనేజర్‌లో చూస్తే దాని మీద కోడ్ 47 అని ఉంటుంది, తీయడానికి సిద్ధం చేశారు గానీ ఇంకా తీయలేదు అని దానర్థం. అది ఏ యూఎస్‌బీ రూట్ హబ్ (కొన్ని పోర్టులని కలిపి నడిపే భాగం) కింద ఉందో ఆ హబ్‌ని డిజేబుల్ చేసి ఎనేబుల్ చేస్తే కేబుల్ పీకి పెట్టినట్టే. కానీ చూసుకోమ్మా, అదే హబ్ మీద నీ కీబోర్డు, మౌస్ కూడా ఉంటే డిజేబుల్ కొట్టాక ఎనేబుల్ కొట్టడానికి ఏమీ మిగలదు. అలాంటప్పుడు రీస్టార్ట్ చేసుకోవడమే. నేను ఒకసారి కస్టమర్ ముందే ఆ పని చేసి, పోయి వేరే మౌస్ వెతుక్కొచ్చా.

టెర్మినల్ పిల్ల:

హహహ. అయితే బల్ల కిందకి దూరడమే మేలు.

ఫొటో తమ్ముడు:

దొంగ దొరికాడు. 225 వేసి ఫిల్టర్ చేస్తే ఒకటీ రెండూ కాదు, నెల రోజులవి ముప్పై పైన లైన్లు, అన్నింటిలో ఒకటే పేరు. ఆల్బమ్ డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్‌తో పాటు వచ్చిన చిన్న ప్రోగ్రాం, ఫొటోలకి థంబ్‌నెయిల్స్, అంటే చిన్న బొమ్మలు చేసి పెట్టేది. సాఫ్ట్‌వేర్ మూసినా అది మూతపడదు, సిస్టమ్ ఆన్ అవగానే దానంతట అదే మొదలవుతుంది. రిసోర్స్ మానిటర్‌లో చూస్తే అప్పుడు కూడా పాత పెళ్లి ఫోల్డర్ ఒకదాన్ని పట్టుకుని కూర్చుంది. ఆ సాఫ్ట్‌వేర్ వేసింది సరిగ్గా నెల కిందటే, నాకు అప్పుడు తట్టలేదు. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్‌కి వెళ్లి డిజేబుల్ చేశా, రీస్టార్ట్ చేశా, ఇప్పటికి ఐదుసార్లు పెట్టి తీశా, ఒక్కసారి కూడా మారాం చెయ్యలేదు. పోర్టు కూడా వెనక్కి మార్చా, ముందు పోర్టు నిజంగానే వదులుగా ఉంది. ఇంకో 2 టీబీ డిస్క్ ఆర్డర్ పెట్టా, రెండో కాపీకి. యూపీఎస్ బ్యాటరీ కూడా చూపించా పాత స్టూడియో అన్నా, మీ అప్పగింతల వీడియో కళ్లలో మెదులుతోంది.

ఆదివారం వీడియో ఇచ్చేశా. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వాళ్లింటికే వెళ్లా. పెళ్లికూతురి నాన్నగారు టీవీకి పెట్టించి, జీలకర్ర బెల్లం దాకా చూసి, కళ్లు తుడుచుకుని, బాగా తీశావయ్యా అన్నారు. అంటూనే లేచి వీడియో ఆడుతుండగానే పెన్‌డ్రైవ్ టక్కున పీకి జేబులో వేసుకున్నారు. నేనేం మాట్లాడలేదు. కాఫీ తాగి వచ్చేశా.